డిసెంబర్ 1కి ర్యాలీ, పుర్రె బొమ్మల పోస్టర్లు కాకుండా ఇంకేం చేయొచ్చు?

సివిక్స్ లెక్చరర్, పల్నాడు:

నమస్కారమండి. పల్నాడు జిల్లాలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. ఈ ఏడాది ఎన్‌ఎస్‌ఎస్ బాధ్యత కూడా నాకే ఇచ్చారు. డిసెంబర్ 1 ప్రపంచ ఎయిడ్స్ దినోత్సవం అంటే మా దగ్గర ఏటా ఒకటే పద్ధతి. పిల్లల చేత ప్లకార్డులు పట్టించి బస్టాండు దాకా ర్యాలీ, సెంటర్లో మానవహారం, ప్రతిజ్ఞ, ఫోటోలు. మధ్యాహ్నం భోజనాల వేళకి అంతా అయిపోతుంది.

ఈసారి ముందు పిల్లల మనసులో ఏముందో తెలుసుకుందామని స్టాఫ్ రూమ్ బయట ఒక అట్టపెట్టె పెట్టాను. హెచ్‌ఐవీ గురించి ఏ సందేహమున్నా పేరు లేకుండా చీటీ రాసి వేయమన్నాను. నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ వచ్చాయి. దోమ కుడితే వస్తుందా అని కొందరు. సెలూన్‌లో గడ్డం గీయించుకుంటే వస్తుందా అని కొందరు. ఒకబ్బాయి కోటప్పకొండ తిరునాళ్లలో పచ్చబొట్టు వేయించుకున్నాడట, అప్పట్నుంచీ భయంగా ఉందని రాశాడు. పెళ్లికి ముందు అబ్బాయిని టెస్టు చేయించుకోమని అడగొచ్చా అని ఒకమ్మాయి అడిగింది.

వాటి మధ్యలో ఈ చీటీ ఉంది: "మా ఇంట్లో ఒకరు ఆ మందులు వాడుతున్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. నాక్కూడా వస్తుందా మేడమ్? అందరూ పోస్టర్లు వేస్తుంటే నాకు ఏడుపొచ్చింది."

ఆ పోస్టర్లు పోటీ కోసం వేసినవి. గోడకి అతికించి ఉన్నాయి. సగానికి పైగా పుర్రెలు, నల్లటి రాక్షసుడు, పాడె. "ఎయిడ్స్ అంటే మరణానికి ఆహ్వానం" అని రాసినవే ఎక్కువ. ఆ చీటీ చదివాక వాటి వైపు చూడబుద్ధి కావడం లేదు.

మా పిల్లలంతా 16 నుంచి 18 ఏళ్ల వాళ్లు. తల్లిదండ్రులు మిరప, పత్తి చేలలో పనికి వెళ్లేవాళ్లు, లారీల మీద తిరిగేవాళ్లు. కొందరి అమ్మానాన్నలు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనుల్లో ఉంటే పిల్లలు ఇక్కడ అమ్మమ్మల దగ్గర ఉంటున్నారు. నా చేతిలో ఒక పూట ఉంది, డబ్బులు దాదాపు లేవు. పిల్లలకు జాగ్రత్తలు గట్టిగా తెలియాలి, ఆ చీటీ రాసిన బిడ్డ మనసు ఇంకోసారి నొచ్చుకోకూడదు. ఈ పని దగ్గర నుంచి చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి.


ఐసీటీసీ కౌన్సిలర్ (విశ్రాంత), తూర్పు గోదావరి:

మేడమ్ గారూ, నేను ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో చాలా ఏళ్లు కౌన్సిలర్‌గా చేశాను. ఉచితంగా హెచ్‌ఐవీ పరీక్ష చేసే చోటు అది. పరీక్షకు ముందూ, ఫలితం వచ్చాకా మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడడమే నా ఉద్యోగం. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఆ చీటీ సంగతి. రాసింది ఎవరో కనిపెట్టే ప్రయత్నం చేయకండి. చేతిరాత పోల్చకండి, స్టాఫ్ రూమ్‌లో ఎవరికీ చూపించకండి, "ఎవరైనా వచ్చి నాతో విడిగా మాట్లాడండి" అని క్లాసులో అనకండి. ఆ తర్వాత మీ గదికి ఎవరొచ్చినా మిగతా పిల్లల కళ్లన్నీ అటే ఉంటాయి. ఆ ఇల్లు ఏళ్లుగా గుట్టుగా దాచుకున్న సంగతి అది. ఊళ్లో ఒక్కసారి పొక్కితే మళ్లీ మూతపెట్టడం ఎవరి తరమూ కాదు. నా దగ్గరకొచ్చినవాళ్లలో జబ్బు కంటే ఈ పొక్కడానికే ఎక్కువ వణికిపోయినవాళ్లున్నారు. పక్కనే ఆసుపత్రి ఉన్నా రెండు బస్సులు మారి వేరే ఊళ్లో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లి మందులు తెచ్చుకునేవారు.

కానీ ఆ బిడ్డకి జవాబు అందాలి. అందుకని పెట్టెలో పడిన ప్రశ్నలన్నిటికీ అందరి ముందూ వరసగా జవాబులు చెప్పించండి. ఆ చీటీని మాత్రం ఉన్నదున్నట్టు చదవకండి. "హెచ్‌ఐవీ ఉన్నవాళ్లతో ఒకే ఇంట్లో ఉంటే వస్తుందా" అని మామూలు ప్రశ్నగా మార్చండి. జవాబు తేలికే. రాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా, ఒకే బాత్రూమ్ వాడినా, ముద్దు చేసినా, దగ్గర కూర్చుని జ్వరానికి తడిగుడ్డ వేసినా రాదు. అది వచ్చే దారులు కొన్నే. కండోమ్ లేని లైంగిక సంబంధం, వైరస్ ఉన్న రక్తం ఎక్కించడం, ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడడం, మందులు వాడని తల్లి నుంచి కడుపులోనో కాన్పులోనో పాల ద్వారానో బిడ్డకు రావడం. దోమలో ఈ వైరస్ బతకదు, పెరగదు. కాబట్టి దోమ వల్ల రాదు. ఇది చెప్పేటప్పుడు గొంతులో తడబాటు ఉండకూడదు మేడమ్. "సాధారణంగా రాదు" అన్నారంటే ఆ బిడ్డ ఈ రాత్రి నుంచి ఇంట్లో మంచినీళ్ల గ్లాసు విడిగా పెట్టుకుంటుంది.

ఇక పోస్టర్లు. తీసేయండి. పిల్లల్ని మందలించకండి, వాళ్లు పెద్దల దగ్గర విన్నదే బొమ్మ వేశారు. ఆ పుర్రె ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన దేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది 1986లో, చెన్నైలో. డాక్టర్ సునీతి సోలోమన్ దగ్గర చదువుకుంటున్న నిర్మల సేకరించిన రక్త నమూనాల్లో అది దొరికింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మామూలు మనిషికి అందే మందు లేదు. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. అప్పటిదాకా పాజిటివ్ అని చెప్పడమంటే చేతులెత్తేయడమే. చెప్పడానికి వేరే ఏమీ లేక భయమే చెప్పారు. 2000 తర్వాత తొలి ఏళ్లలో మన రాష్ట్రమంతా "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని హోర్డింగులు పెట్టారు, గుర్తుండే ఉంటుంది. ఎవరీ పులిరాజా అని కాఫీ హోటళ్లలో, బస్సుల్లో జనం మాట్లాడుకున్నారు. నోరెత్తి ఆ పేరే పలకని చోట అది పెద్ద పని.

కానీ ఇప్పుడూ చావు బొమ్మే చూపిస్తే ఏమవుతుందో నా కుర్చీలోంచి చూశాను. అనుమానం ఉన్నవాడు పరీక్షకు రాడు. వస్తే చావు కబురే కదా, తెలియకుండా ఉన్నన్నాళ్లు ఉందాం అనుకుంటాడు. ఒంట్లో వైరస్ ఉన్నా మందుల్లేకుండా ఎనిమిది పదేళ్లు పైకి బాగానే కనిపించొచ్చు. ఆ ఏళ్లన్నీ అలా గడిపేసి, బరువు తగ్గి, దగ్గు పట్టుకుని, టీబీ ముదిరాక భార్య భుజం మీద చెయ్యేసుకుని వచ్చేవారు. అప్పుడు భార్యకీ పరీక్ష చేస్తాం. ఆ ఫలితం ఆమెకి చెప్పడం ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టం. ముందే వచ్చి ఉంటే ఆమె దాకా వెళ్లేదే కాదు.

అందుకే మీ పిల్లలకు చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి ఇది: పరీక్ష ఉంది, మందు ఉంది, రెండూ ఉచితం. 2017 నుంచి సీడీ4 సంఖ్య, అంటే జబ్బుల్ని ఎదుర్కొనే రక్తకణాల లెక్క, ఎంతున్నా సరే, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మందులు మొదలుపెడుతున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకి ఒక్క మాత్ర. అందులో మూడు మందులు కలిసి ఉంటాయి: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్. క్రమం తప్పకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి, తగ్గినట్టే ఉన్న మనిషి నుంచి లైంగికంగా భాగస్వామికి వైరస్ సోకదు. ఇది ప్రపంచమంతా ఒప్పుకున్న సంగతి. గర్భిణుల విషయంలో కూడా అంతే. ఏ చికిత్సా లేకపోతే వందమంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి సోకే ప్రమాదం ఉంది. తల్లి మందులు వాడి, బిడ్డకు కూడా పుట్టగానే మందు పడితే అది 5 కన్నా తక్కువకి దిగుతుంది. మందు వాడే మనిషి వల్ల ఇంకొకరికి రావడం ఆగిపోతోందంటే, నివారణ అంటే ఇదీ కదా మేడమ్. మన పోస్టర్లలో ఈ ముక్క ఎక్కడా కనబడదు.

ఇక మనకి ఎందుకు ముఖ్యమో కూడా చెప్పండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత మన ఆంధ్రానే. మన రాష్ట్రంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లు 3.21 లక్షల మంది. ఇంతమంది ఎక్కడో లేరు. మన బస్సులో, మన కళ్లంలో, మన క్లాసులో పిల్లల ఇళ్లలో ఉన్నారు. మాట్లాడే ముందు ప్రతి హాల్లోనూ వాళ్లలో ఒకరు కూర్చుని వింటున్నారనే అనుకోవాలి. నేను అలాగే అనుకుని మాట్లాడేవాణ్ని.

పచ్చబొట్టు కుర్రాడికి: సూది మార్చకుండా అందరికీ వేస్తే హెపటైటిస్ బి, సి వచ్చే అవకాశం కూడా ఉంటుంది. ఊరికే భయపడుతూ కూర్చోకుండా ఇంట్లో పెద్దవాళ్లని తీసుకుని ఐసీటీసీకి వెళ్లమనండి. పచ్చబొట్టు వేయించుకున్న రోజు నుంచి మూడు నెలలు దాటాక చేసిన పరీక్ష మీద నమ్మకం పెట్టుకోవచ్చు. పెళ్లి ప్రశ్న అడిగిన అమ్మాయికి నా తరఫున శభాష్ అని చెప్పండి. అబ్బాయి ఒక్కణ్నే అడిగితే అవమానం అనుకుంటారు, "ఇద్దరం కలిసి చేయించుకుందాం" అంటే వినడానికి తేలిక. బలవంతం మాత్రం కుదరదు.

ర్యాలీ మానేసి ఆ పూట మీ దగ్గరి ఐసీటీసీ కౌన్సిలర్‌ని పిలవండి. ప్రిన్సిపాల్ గారి చేత ఒక లెటర్ పెట్టిస్తే వస్తారు. పైసా ఖర్చుండదు.


లారీ ఆఫీసు, విజయవాడ ఆటోనగర్:

కౌన్సిలర్ గారూ, మీరు రాసిందంతా బాగుంది గానీ ఒక్క దగ్గర నాకు ఒప్పుదల లేదు. భయం పూర్తిగా తీసేస్తే కుర్రాళ్లు వినరండి. నేను లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేస్తాను. పులిరాజా రోజుల్లో మా డ్రైవర్లు నిజంగా భయపడ్డారు. టీ బంకుల దగ్గర, పార్కింగ్ యార్డుల్లో కండోమ్ పెట్టెలు పెడితే ఖాళీ అయ్యేవి. ఇప్పుడొచ్చే క్లీనర్ కుర్రాళ్లకి ఆ రోజులు తెలియవు. "ఇప్పుడు టాబ్లెట్ ఉందంటగా అన్నా" అంటున్నారు. ఇది చెవులారా విన్న మాట.

ఇంకో సంగతి. మా దగ్గర బాగా పనిచేసింది డాక్టర్ల ఉపన్యాసాలు కాదు. మాలోంచే ఒక డ్రైవరు, తను మందులు వాడుతున్నానని తోటి డ్రైవర్లకు తనే చెప్పుకున్నాడు. యార్డులో రాత్రి వంట చేసుకునేటప్పుడు కూర్చుని మాట్లాడేవాడు. విశాఖ నుంచి చెన్నై దాకా హైవే మీద ఎక్కడ ఆగితే ఏం జరుగుతుందో అతనికి తెలుసు. బూతులతో సహా వాళ్ల భాషలోనే చెప్పేవాడు. అతని మాట మీద పరీక్షకి వెళ్లినవాళ్లు ఎక్కువ. మేడమ్ గారి కాలేజీలో కూడా పిల్లల ఈడువాళ్ల చేత చెప్పిస్తే బాగుంటుందేమో.

నాకు బాధ కలిగేది ఆడవాళ్ల గురించి. మా డ్రైవర్లు నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటారు. ఇంట్లో ఉన్న ఆవిడకి ఏ పాపమూ తెలియదు. గర్భిణిగా ఆసుపత్రికి వెళ్లినప్పుడు రక్తపరీక్షలో ఆవిడకే ముందు బయటపడుతుంది. అప్పుడు అత్తగారింట్లో నింద ఆవిడ మీదే. "ముందు నీకొచ్చింది కాబట్టి నువ్వే తెచ్చావు" అంటారు. ముందు పరీక్ష చేసింది ఆవిడకి గనక ముందు తెలిసింది ఆవిడకి, అంతేనండి. కాలేజీ ఆడపిల్లలకి ఈ ముక్క తప్పకుండా చెప్పించండి మేడమ్. రేపు వాళ్ల ఇంట్లో, పక్కింట్లో ఇలా జరిగితే నోరు తెరవడానికి పనికొస్తుంది.


ఐసీటీసీ కౌన్సిలర్ (విశ్రాంత), తూర్పు గోదావరి:

అన్నా, ఆడవాళ్ల మీద నింద గురించి మీరు రాసింది అక్షరాలా నిజం. గర్భిణి పరీక్షలోనే భార్యాభర్తలిద్దర్నీ కలిపి రమ్మనడం అందుకే.

"టాబ్లెట్ ఉందిగా" అనే కుర్రాళ్లకి ఆ టాబ్లెట్ గురించి పూర్తిగా చెప్పండి చాలు. అది జీవితాంతం, రోజూ, ఒకే వేళకి వేసుకోవాలి. మానేస్తే వైరస్ మళ్లీ లేస్తుంది. మానుతూ వేసుకుంటూ ఉంటే ఆ మందుకి లొంగకుండా పోతుంది. లారీ మీద తిరిగేవాడు మాత్రలు అయిపోయే లోపు ఎక్కడున్నా సెంటర్‌కి వెళ్లాలి. పైగా ఆ మాత్ర సిఫిలిస్‌ని, గనేరియాని ఆపదు. వాటిని ఆపేది కండోమే. ఇవన్నీ నిజాలే కాబట్టి వాడు వింటాడు. కావాలని పెంచి చెప్పిన భయం ఒకసారి అబద్ధమని తేలితే, ఆ తర్వాత మనం నిజం చెప్పినా నమ్మడు.

ఇంకొకటి మీ యార్డులో గోడమీద రాయించండి. కండోమ్ చిరిగినా, ఎవరికైనా వాడిన సూది గుచ్చుకున్నా, అమ్మాయి మీద అఘాయిత్యం జరిగినా వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. 72 గంటల లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వైరస్ పట్టుకోకుండా ఆపే అవకాశం ఉంది. ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. ఇది తెలియక, తెల్లారి చూద్దాం, సోమవారం చూద్దాం అనుకుని ఆ మూడు రోజులూ పోగొట్టుకున్నవాళ్లు చాలామంది నా దగ్గరకొచ్చారు.


పేరు వద్దు:

మేడమ్, నేను ఆ మందులు వాడే అమ్మని. అందుకే రాస్తున్నాను.

మా ఆయన మేస్త్రీ పని చేసేవాడు. నాకు 2008లో కడుపుతో ఉన్నప్పుడు రక్తపరీక్షలో తెలిసింది. పైన అన్నయ్య రాసినట్టే, ముందు నాకే తెలిసింది గనక మాటలన్నీ నేనే పడ్డాను. కాన్పు నొప్పుల్లో నాకో మాత్ర ఇచ్చారు, బాబుకి పుట్టగానే నోట్లో మందు చుక్కలు పోశారు. వాడికి పద్దెనిమిది నెలలు నిండాక చివరి పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో పట్టుచీర మడతలో ఉంది. ఆయన తర్వాత కొన్నాళ్లకి పోయారు. నాకు సీడీ4 తగ్గాక మందులు మొదలుపెట్టారు, అప్పట్నుంచీ మానలేదు. ఒంట్లో బాగానే ఉంటుంది. పొద్దున్నే ఇడ్లీ బండి పెట్టుకుంటాను. నా చేతి ఇడ్లీ తినడం వల్ల ఎవరికీ ఏమీ కాదని డాక్టరమ్మ చెప్పింది, నాకూ తెలుసు. అయినా బండి దగ్గర ఎవరికైనా తెలిస్తే మర్నాడు ఒక్కరూ రారు. ఇదొక్కటే నాకు రోజూ ఉండే టెన్షన్.

ప్రభుత్వం మాలాంటివాళ్లకి పింఛను ఇస్తుంది, ఇప్పుడది నాలుగు వేలు. నాకు ఆ డబ్బు చాలా అవసరం. కానీ నేను పెట్టుకోలేదు. జాబితాలో ఏ రకం పింఛనో ఎవరైనా చూస్తారేమోనని.

మా అబ్బాయికి పదో తరగతి సెలవుల్లో నేనే చెప్పాను. వాడి దగ్గర దాస్తే వేరే ఎవరో చెప్తారు, అప్పుడు ఇంకా విరిగిపోతాడనిపించింది. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రోజూ ఏ టైముకి వేసుకుంటావమ్మా" అని అడిగి ఫోన్లో అలారం పెట్టాడు. ఇంటర్ మొదటి ఏడాది డిసెంబర్‌లో వాళ్ల కాలేజీ ర్యాలీ మా సెంటర్ మీదుగానే వచ్చింది. నేను బండి దగ్గరే ఉన్నాను. వాడి చేతికి ఇచ్చిన ప్లకార్డు మీద "క్షణిక సుఖం, నూరేళ్ల నరకం" అని రాసి ఉంది. నా ముందు నుంచి నడిచేటప్పుడు తల వంచుకున్నాడు. వాడు ఏ తప్పు చేశాడని తల వంచాలి? నేనేం తప్పు చేశాను? మా ఆయన్ని కూడా నేను ఇప్పుడు తిట్టుకోవడం లేదు. ఆయనకి చెప్పినవాళ్లు లేరు, చెప్పించుకునే ధైర్యం ఆయనకీ లేదు.

పిల్లలకి జాగ్రత్తలు చెప్పొద్దని నేను అనను. గట్టిగా చెప్పండి. నా కొడుక్కి నేనే చెప్తాను, కండోమ్ గురించి కూడా. తల్లిగా సిగ్గుపడితే నాకు జరిగింది వాడి పెళ్లాంకి జరుగుతుంది. కాకపోతే ఆ జాగ్రత్తలు చెప్పేటప్పుడు పాపం, నరకం, శాపం అనే మాటలు మాత్రం వాడనీయకండి. ఆ చీటీ రాసిన బిడ్డకి వాళ్ల అమ్మో నాన్నో పాపం చేసినవాళ్లలా కనిపించకూడదు. మందులు వేసుకోవడం ఇంట్లో ఎవరైనా మానేస్తే గుర్తుచేయాల్సింది ఆ బిడ్డే.


సివిక్స్ లెక్చరర్, పల్నాడు:

అమ్మా, మీరు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. మీ అబ్బాయికి నా ఆశీస్సులు. పోస్టర్లు ఈ రోజే తీయించాను. "పోటీ రద్దు కాలేదు, కొత్త అంశం మీద వేయండి" అని చెప్పాను. అంశం: "మందు వాడే మనిషికి మనం ఏం చేయగలం?"

లారీ అన్న సలహా ప్రకారం సెకండియర్ వాళ్లలోంచి నలుగురు పిల్లల్ని ఎంచుకున్నాను. చీటీల్లోని ప్రశ్నలు వాళ్లు అడుగుతారు, కౌన్సిలర్ జవాబు చెబుతారు. చీటీలన్నీ నా చేత్తో తిరగరాసి, అసలువి చించేశాను.

రెండు చిక్కులు వచ్చాయి. ఒకటి, ఆడపిల్లలున్న చోట కండోమ్ మాట ఎత్తొద్దని, తల్లిదండ్రులు గొడవ చేస్తారని మా కాలేజీలో పెద్దవాళ్లు అంటున్నారు. రెండోది, ఒక సంస్థవాళ్లు వచ్చి ఆ రోజే పిల్లలందరికీ ఉచితంగా హెచ్‌ఐవీ టెస్టులు చేస్తామన్నారు. మంచి పనే అనిపిస్తోంది గానీ ఎందుకో మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?


ఐసీటీసీ కౌన్సిలర్ (విశ్రాంత), తూర్పు గోదావరి:

మీ మనసు ఒప్పుకోకపోవడం సరైనదే మేడమ్. టెస్టులు వద్దని చెప్పేయండి. 2017లో పార్లమెంటు హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చేసింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మనిషికి అర్థమయ్యేలా చెప్పి, ఒప్పుకున్నాకే పరీక్ష చేయాలని అందులో ఉంది. 18 ఏళ్లు నిండని పిల్లలకైతే తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. హాల్లో వరసలో నిలబెట్టి చేస్తే ఏ బిడ్డా వద్దు అనలేదు, అంటే అనుమానిస్తారు. ఒక్క కిట్‌లో గీత కనిపించినంత మాత్రాన పాజిటివ్ అని చెప్పరు, వేరే కిట్లతో మళ్లీ చేసి నిర్ధారించాలి. ఆ మధ్యలో ఆ బిడ్డ మొహం వందమంది చూస్తారు. పరీక్ష జరగాల్సింది ఐసీటీసీలో, తలుపు వేసిన గదిలో.

మీరు సివిక్స్ చెప్పేవారు కదా, ఈ చట్టాన్నే ఒక క్లాసుగా తీసుకోండి. నాకు తెలిసి ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పరు. ఒకరు నమ్మకంతో చెప్పిన హెచ్‌ఐవీ సంగతిని వాళ్ల అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలోంచి తీసేయకూడదు, బడిలో చేర్చుకోం అనకూడదు, వైద్యం చేయం అనకూడదు, అద్దె ఇల్లు ఖాళీ చేయించకూడదు. ఉద్యోగం ఇవ్వడానికి ముందు ఈ పరీక్ష చేయించుకు రమ్మనకూడదు. వంద మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో ఫిర్యాదులు వినడానికి ఒక అధికారి ఉండాలి, ఆసుపత్రుల్లాంటి చోట ఇరవై మంది ఉన్నా ఉండాలి. ఇడ్లీ బండి చెల్లెమ్మ రాసిన భయాలన్నీ మీ పాఠంలో ఉదాహరణలవుతాయి, ఆమె ఎవరో ఎవరికీ తెలియక్కర్లేదు. పిల్లలు ఇంటికెళ్లి ఈ చట్టం సంగతి చెబితే చీటీ రాసిన బిడ్డ ఇంట్లో కూడా వింటారు.

కండోమ్ మాటకొస్తే, మీ బైపీసీ పిల్లల పాఠ్యపుస్తకంలో ఎయిడ్స్ గురించి ఉంది. ఆ పుస్తకం ఆడపిల్లలూ చదివి పరీక్ష రాస్తున్నారు. సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలకే అది అందడం లేదు. ప్రిన్సిపాల్ గారికి ఆ పేజీ తెరిచి చూపించండి. జువాలజీ లెక్చరర్ చేత చెప్పించండి. కావాలంటే ఆడపిల్లలకి లేడీ కౌన్సిలర్, మగపిల్లలకి మగ కౌన్సిలర్ విడివిడిగా గదుల్లో చెప్పేలా అడగండి, పిల్లలు ఇంకా ధైర్యంగా ప్రశ్నలడుగుతారు. ఆ మాట ఎత్తకుండా చేసే హెచ్‌ఐవీ కార్యక్రమం మాత్రం వద్దు.

చివరగా, 1097 ఉచిత హెల్ప్‌లైన్ నంబరు, మీ దగ్గరి ఐసీటీసీ గది ఎక్కడుందో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో ఒక బోర్డు మీద రాయించండి. స్టాఫ్ రూమ్ దగ్గర వద్దు, అక్కడ నిలబడి రాసుకునేవాళ్లని అందరూ చూస్తారు. మంచినీళ్ల కుళాయిల దగ్గర పెట్టించండి, బస్ పాస్ దరఖాస్తు తేదీలూ స్కాలర్‌షిప్ వివరాలూ అదే బోర్డు మీద రాయించండి. ఏడాదంతా ఉంచండి.